లోపల పిడి లేని తలుపులు

పోయినవారం మనం ‘రెండో సంతకా’న్ని ఒక ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉంది. లోపలికి పంపేముందు, కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ఈమె పనిచేసేది ప్రభుత్వ హామీల విభాగంలో. మనుషుల హక్కుల గురించి దేశదేశాల సభలో ప్రభుత్వం నూట ఎనభై హామీలు ఇచ్చి వచ్చింది. ఇచ్చి మరిచిపోతుందేమోనని వాటన్నిటినీ ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. ఆఫీసులో దాన్ని అందరూ ‘పట్టిక’ అంటారు. ఒక్కో హామీకి ఒక్కో వరస. పని మొదలుకాకపోతే ఎరుపు, సగంలో ఉంటే పసుపు, అయిపోతే పచ్చ. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. వరస పచ్చబడాలంటే రెండు సంతకాలు కావాలి. వెళ్ళి చూసివచ్చిన మనిషిది మొదటిది, ఆధారాలు పరిశీలించి ఖాయం చేసిన మనిషిది రెండోది. ఏళ్ళ తరబడి ఆ రెండోది ఈమెదే కాబట్టి ఆఫీసులో పేరే అలా స్థిరపడిపోయింది. మొదటి సంతకం మాస్టారిది. ఆయన బడిపంతులేం కాదు, విభాగంలో అందరికీ పని నేర్పాడు గనక మాస్టారయ్యాడు. ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయాడు.

పోయినవాడు పోయినట్టు ఉండలేదు. పది వారాలుగా ప్రతి బుధవారం మధ్యాహ్నం రెండూ పదికి నూట పన్నెండో వరస పచ్చ నుంచి పసుపుకు మారుతోంది. మార్చిందెవరు అన్నచోట మాస్టారి పేరు. కారణం అన్నచోట ఒక్క వాక్యం. ఆఫీసులో నవ్వినవాళ్ళు నవ్వారు, ఫైళ్ళ గదిలోకి ఒంటరిగా వెళ్ళడం మానేసినవాళ్ళు మానేశారు. ఆయన లాగిన్ రద్దు చేద్దామంటే ఆ ఫారం మీద సదరు ఉద్యోగి సంతకం ఉండాలట. చివరికి ఆ రాతలు మాస్టారి ఇంటి నుంచే వస్తున్నాయని కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ ఆయన తేల్చాడు. ఆ మాట మరొకరి చెవిన పడకముందే మన రెండో సంతకం పూట సెలవు పెట్టి ఇక్కడికి వచ్చింది.

ఎందుకంటే ఈరోజు బుధవారం. ఈరోజే ఐదింటికి పట్టికను మూసేస్తారు. అప్పటికి ఏ వరస ఏ రంగులో ఉంటే నాలుగేళ్ళ పాటు అదే రంగు. పచ్చబడ్డ వరస వంక ఆ నాలుగేళ్ళూ ఎవరూ కన్నెత్తి చూడరు.

తలుపు చేరవేసి ఉంది. తట్టింది. ఎవరూ పలకలేదు. నెట్టి లోపలికి వెళ్ళింది.

ముందుగదిలో గోడకు ఇద్దరి ఫోటోలున్నాయి. కొత్త ఫ్రేములో మాస్టారు, ఆఫీసు గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న అదే బిగుసుకున్న మొహం. పక్కన పాత ఫ్రేములో రెండు జడలమ్మాయి. ఆయన చెల్లెలు. ముప్పై ఏళ్ళ కిందట జ్వరంతో పోయిందని ఆయనే ఒకసారి చెప్పాడు. చెప్పి వెంటనే ఫైలు అడిగాడు.

పక్కగదిలోంచి టక్, టక్ మని కీబోర్డు చప్పుడు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య గుక్క తిప్పుకునేంత సందు. రెండో సంతకం అడుగు ఆపేసింది. మాస్టారు కూడా అలాగే ఒక్క వేలితో కొట్టేవాడు. ఆ క్షణంలో ఆమెకు భయం వేసింది, నిజమే. కానీ భయం కంటే ఆశే ఎక్కువ కలిగింది. ఆయన ఉంటే బాగుండునని పాతికసార్లు అనుకున్న మనిషి మరి.

తలుపు దగ్గర నిలబడి తొంగిచూసింది. కంప్యూటర్ ముందు మాస్టారి భార్య. బయటినుంచి వచ్చి చెప్పులైనా విడవలేదు. భుజాన సంచి అలాగే ఉంది.

“వచ్చావా?” అందావిడ వెనక్కి తిరక్కుండానే. “ఒక్క నిమిషం కూర్చో. చూపు తిప్పానంటే అక్షరం మళ్ళీ దొరకదు.”

గోడ గడియారంలో రెండూ తొమ్మిది. ఆవిడ ఇంకో నాలుగక్షరాలు వెతికి కొట్టింది. తెర మీద నూట పన్నెండో వరస పసుపుగా మారింది. కింద మాస్టారి పేరు, పక్కన ఇవాళ్టి వాక్యం: ‘ఏడో గదిలో మనిషి తలుపు వైపు చూడడం మానేసింది.’

“మీరేనా అమ్మా?”

“మరెవరనుకున్నావు? ఆయనా?”

ఆవిడ కుర్చీ ఇటు తిప్పుకుంది. మొహం వాడిపోయి ఉంది, కళ్ళు మాత్రం దొరికిపోయిన మనిషి కళ్ళలా లేవు.

“పాస్‌వర్డ్ ఎలా తెలిసింది మీకు?”

“కీబోర్డు కింద చీటీ మీద రాసి అంటించుకున్నారు.”

పాస్‌వర్డు ఎక్కడా రాసిపెట్టుకోకూడదని విభాగమంతటికీ ఏటా ఒక పూట క్లాసు పీకిన మనిషి.

“ప్రతి బుధవారం రెండూ పదికే ఎందుకమ్మా? మా వాళ్ళు హడలి చస్తున్నారు.”

“పన్నెండు నుంచి ఒంటిగంట దాకా చూడనిస్తారు. ఒంటిగంట పావుకి బస్సు. ఇంటికొచ్చేసరికి రెండు. ఈ కంప్యూటర్ కళ్ళు తెరవడానికి ఇంకో పది నిమిషాలు.”

పది వారాలు ఆఫీసును గడగడలాడించిన దయ్యం బస్సు దిగి వస్తోందన్నమాట. వేరే రోజైతే రెండో సంతకం పడీపడీ నవ్వేది.

“ఎవర్ని చూడనిస్తారు?”

ఆవిడ తనే ఒకటి అడిగింది. “నేను బుధవారం పసుపు చేస్తాను. గురువారం పొద్దున చూస్తే మళ్ళీ పచ్చగా ఉంటుంది. ఎవరమ్మా అది?”

“నేనే.”

“నువ్వా?”

“డైరెక్టర్ గారు సిస్టమ్ లోపమని రాసి సరిచెయ్యమన్నారు.”

“నేను రాసింది చదివేదానివా?”

“చదివేదాన్ని.”

“చదివి పచ్చ చేసేదానివి.” ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది రెండో సంతకానికి. “ఇక్కడ ఒక్కదాన్నీ కూర్చుని అనుకునేదాన్ని, అవతల దయ్యమేదో ఉంది, నేనేం రాసినా తుడిచేస్తోందని. ఆయన నీ గురించి ఎంత చెప్పేవారో. మా అమ్మాయి కామా కూడా వదలదు అనేవారు.”

తప్పు చేసినవాళ్ళకి ముందుగా వచ్చేది కోపమే. ఈమెకూ అదే వచ్చింది.

“అమ్మా, ఆ వరస మాస్టారే స్వయంగా వెళ్ళి చూసొచ్చారు. సంరక్షణ గృహంలో ఆడవాళ్ళని గదుల్లో పెట్టి తాళం వేస్తున్నారని గోలయితే, అది ఆపుతామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. మాస్టారు వెళ్ళారు, పధ్నాలుగు తలుపులు చూశారు, పధ్నాలుగు ఫోటోలు తెచ్చారు. తాళాల సంఖ్య సున్నా అని రాశారు. ఆయన అబద్ధం రాసే మనిషా?”

“కాదు. తాళాలు లేవు. అది నిజమే.”

“మరి?”

“ఆ ఫోటోలు తియ్యి.”

రెండో సంతకం వంగి మౌస్ అందుకుని పట్టికలోంచి తీసింది. ఒకదాని తర్వాత ఒకటి, పధ్నాలుగు. నీలం రంగు తలుపులు, ఒకటి నుంచి పధ్నాలుగు దాకా అంకెలు. తాళం ఉందా లేదా అని ఆ రోజు ఈమె ప్రతి ఫోటోనూ పెద్దది చేసి మరీ చూసింది. ఎక్కడా లేదు. ఖాయం చేసింది.

“ఇందులో ఒక్కటైనా గది లోపల నిలబడి తీసింది ఉందా?”

రెండో సంతకం మళ్ళీ మొదటినుంచి చూసింది. అన్నీ వరండాలోంచే. అన్నీ మూసిన తలుపులే.

“తాళాలు పీకేసి తలుపులు మార్పించారు,” అంది ఆవిడ. “బయట పిడి ఉంటుంది. లోపల నున్నటి రేకు. వేలు పెట్టి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బయటినుంచి ఎవరైనా లాగితేనే వస్తుంది. తాళం దేనికింక?”

రెండో సంతకం తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. మూడేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. హామీ అమలైందని దేన్ని బట్టి తేల్చాలి అని మాస్టారు అడిగాడు. మనుషులు స్వేచ్ఛగా ఉన్నారా లేదా అన్నది ఎవరు కొలుస్తారు సార్, తాళాలైతే లెక్కపెట్టొచ్చు, ఎవరు లెక్కపెట్టినా ఒకే అంకె వస్తుంది అని చెప్పింది తనే. మాస్టారు మెచ్చుకున్నాడు. పట్టికలో ఆ గడికి ‘తాళాల సంఖ్య’ అని పేరు పెట్టింది కూడా తనే. గృహం వాళ్ళు ఆ గడిని చదివారు. చదివి, సరిగ్గా అడిగినంతే చేశారు.

“ఆయన లోపలికి ఎందుకు వెళ్ళలేదమ్మా? వంటగదిలో ఉప్పుడబ్బా కూడా మూత తీసి చూసే మనిషి.”

ఆవిడ లేచి కుండలోంచి నీళ్ళు ముంచుకుంది. తాగలేదు. గ్లాసు పట్టుకుని ముందుగది వైపు చూస్తూ నిలబడింది.

“ఏడో గదిలో ఉన్నది మా ఆడపడుచు.”

రెండో సంతకం గోడ మీది రెండు జడలమ్మాయిని చూసింది.

“మా పెళ్ళయిన రెండో ఏడు. అప్పటికే చిట్టికి మనసు బాగుండేది కాదు. రాత్రీ పగలూ వీధిలో తిరిగేది, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళిపోయేది. ఆయనే తీసుకెళ్ళి అక్కడ చేర్పించారు. నాలుగు నెలలన్నారు. తర్వాత అడిగినవాళ్ళందరికీ ఏం చెప్పాలో తెలియక జ్వరమొచ్చి పోయిందన్నారు. ఒకసారి అన్నాక అదే ఖాయమైపోయింది. ఫోటో కూడా పెట్టేశాం.”

“మీరు అప్పట్నించీ వెళ్తున్నారా?”

“లేదు. అబద్ధమెందుకు, నేనూ వెళ్ళలేదు. ఆయన పోయాకే మొదలుపెట్టాను.” ఆవిడ గ్లాసు కింద పెట్టింది. “ఆ తనిఖీ పని తన మీద పడినప్పుడు వేరేవాళ్ళకి ఇచ్చేయండి అంటే వినలేదు. నేనే వెళ్తాను, నేనే వెళ్ళాలి అన్నారు. సాయంత్రం వచ్చి ఇదిగో ఈ కుర్చీలో కూలబడ్డారు. చాలాసేపటికి చెప్పారు. ముందు వరండా పొడవునా లెక్కపెట్టి, తర్వాత ఒక్కో తలుపూ తీయించి చూద్దామనే అనుకున్నారట. ఏడో తలుపులో చిన్న కిటికీ సందు ఉంటుంది. అందులోంచి అన్నయ్యా అని పిలిచిందట. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది. ఈయన పలకలేదు. వరండాలో చివరిదాకా నడిచి, పధ్నాలుగు అని రాసుకుని, ఫోటోలు తీసుకుని వచ్చేశారు.”

రెండో సంతకానికి మాస్టారి మీద కోపం రావాలి. రాలేదు. పిలుపు వినబడి కూడా ఆగకుండా నడిచిన ఆ మనిషి వీపు కళ్ళకు కట్టినట్టు కనిపించి, ఏడుపొచ్చింది. ఆయన అలా నడిచివచ్చి ఇచ్చిన కాగితం మీద తను ఏ అనుమానమూ లేకుండా సంతకం చేసింది.

“నేను వెళ్ళినప్పుడల్లా అడుగుతుంది,” అంది ఆవిడ. “అన్నయ్య వరండాలోనే ఉన్నాడా అని. ఉన్నాడు అని చెప్తున్నాను. ఇవాళ అడగలేదు.”

“మీరు ఆఫీసుకు రాయొచ్చు కదమ్మా.”

“రెండు ఉత్తరాలు రాశాను. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని జవాబొచ్చింది. ఆయన పేరుతో రాస్తేనన్నా ఎవరైనా ఆగి చదువుతారనుకున్నాను. ఆయన తప్పు ఆయనే దిద్దుకుంటున్నట్టూ ఉంటుందనుకున్నాను.”

అప్పుడే రెండో సంతకం ఫోన్ మోగింది. డైరెక్టర్.

“ఏమ్మా, మళ్ళీ పసుపయిందట. ఐదులోపు పచ్చ చేసెయ్. ఇంక నాలుగేళ్ళు హాయిగా ఉండొచ్చు.”

“సార్, ఆ వరస మీద ఒకసారి మాట్లాడాలి.”

“రేపు మాట్లాడుకుందాం. ఇవాళ మాత్రం పచ్చ చెయ్యి.”

పెట్టేశాడు. గడియారంలో మూడున్నర కావస్తోంది. మాస్టారి భార్య ఈమె మొహంలోకి చూస్తోంది.

“మీరు మార్చింది నిలవదమ్మా,” అంది రెండో సంతకం. “చనిపోయిన మనిషి లాగిన్. నేను కాకపోతే ఇంకొకరు వచ్చి పచ్చ చేస్తారు. వరస నిజంగా ఆగాలంటే ఒకటే దారి. నా సంతకం నేను వెనక్కి తీసుకోవాలి.”

“తీసుకో.”

“కారణం రాయాలి. ఆయన గదుల్లోకి వెళ్ళలేదని రాయాలి. అది అందరికీ కనబడుతుంది. నా సంగతి సరే, రేపే నోటీసు ఇస్తారు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. కానీ ఆయన పేరమ్మా. మీటింగు హాల్లో ఫోటో పెట్టుకున్నాం. కొత్తగా చేరినవాళ్ళకి ముందుగా చెప్పేది ఆయన గురించే.”

ఆవిడ కుర్చీ చేతిమీద బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. ముప్పై ఏళ్ళు కాపాడుకొచ్చిన పరువది. ఇల్లు కూడా ఆ పరువు మీదే నిలబడి ఉంది. వీధిలో వాళ్ళు ఆవిడకి దారి ఇచ్చేది ఆయన భార్య అనే.

“చెల్లెలి మాట రాస్తావా?” అని అడిగింది చివరికి.

“అక్కర్లేదు. లోపలికి వెళ్ళలేదని రాస్తే చాలు.”

“అదీ రాయి. ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. నేను చెప్తాను. నా పేరు పెట్టుకో.” ఆవిడ లేచి కుర్చీ ఖాళీ చేసింది. “పోయినవాళ్ళు దిద్దుకోలేరమ్మాయ్. పది వారాలు చూశాను కదా.”

రెండో సంతకం మాస్టారి కుర్చీలో కూర్చుంది. ఆయన పేరు మూసేసి తన పేరుతో లోపలికి వెళ్ళింది. ‘ఖాయం చేసినది వెనక్కి తీసుకొనుట’ అన్న మీట ఆ పట్టికలో ఉందని తెలుసుగానీ, ఇన్నేళ్ళలో ఎవరూ నొక్కగా చూడలేదు. కారణం గడిలో ఇలా రాసింది: ‘నేను ఈ గదులు చూడలేదు. ఫోటోలు చూసి సంతకం చేశాను. తనిఖీ వరండాలోంచే జరిగింది. తలుపులకు తాళాలు లేవు, లోపలివైపు పిడులు కూడా లేవు. పధ్నాలుగు గదుల్లో పధ్నాలుగు మంది ఉన్నారు. ఏడో గదిలో ఉన్నావిడ తనిఖీకి వెళ్ళిన అధికారికి చెల్లెలు. ఇది ఆవిడ వదిన చూసి చెప్పిన సంగతి.’ కామాలన్నీ సరిచూసుకుంది. నొక్కింది.

పచ్చ లేదు, పసుపు లేదు. వరస ఎర్రబడింది. కింద చిన్న పెట్టెలో ఒక సందేశం వచ్చింది: ‘నలభై ఎనిమిది గంటలలో తనిఖీ జరుగును. అది తేలువరకు ఈ వరస మూయబడదు. సంబంధిత సంస్థకు సమాచారం పంపబడినది.’

ఆమెకు ఒళ్ళు తేలికైంది. ఎన్నో నెలల తర్వాత ఊపిరి తిన్నగా ఆడినట్టనిపించింది. ఆవిడ ఈమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఆ ఎర్రటి వరసను చూస్తూ అలాగే ఉండిపోయారు. డైరెక్టర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

నాలుగున్నరకి మాస్టారి భార్య ఫోన్ మోగింది. ఆవిడ నంబరు చూసి, స్పీకర్ పెట్టి ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంచింది. గృహం సూపరింటెండెంట్. మర్యాదగా మాట్లాడింది, అంత మర్యాద ఆవిడకి ఎప్పుడూ చేయలేదట.

“నమస్కారమండీ. మీ మనిషికి ఆరోగ్యం పూర్తిగా కుదుటపడింది. డిశ్చార్జి చేస్తున్నాం. ఆరింటిలోపు వచ్చి తీసుకెళ్ళండి.”

“ఇవాళా?”

“ఇవాళే. ఆరు దాటితే గేటు బయట బెంచీ మీద కూర్చోబెడతాం. ఆ తర్వాత మా బాధ్యత కాదు.”

రెండో సంతకానికి అప్పుడు అర్థమైంది. తనిఖీ వస్తోందని గృహానికి చెప్పింది పట్టికే. చెప్పేలా నొక్కింది తను. ఎల్లుండి పొద్దున తనిఖీవాళ్ళు వెళ్ళేసరికి పధ్నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంటాయి, లోపల ఎవరూ ఉండరు. వరస పచ్చబడుతుంది. ఈసారి అది అబద్ధం కూడా కాదు.

“మేడమ్, మిగతా పదముగ్గురూ?” అంది ఫోన్ వైపు వంగి.

“ఎవరు మాట్లాడేది?”

“పదముగ్గురి సంగతి చెప్పండి.”

“వాళ్ళవాళ్ళ నంబర్లు ఒక్కటీ కలవట్లేదు. మేమేం చేస్తాం? వ్యాన్ వచ్చింది, ఎక్కిస్తున్నాం.”

“ఎక్కించి ఎక్కడికి తీసుకెళ్తున్నారు?”

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. మాస్టారి భార్య అప్పటికే సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటుతోంది.